కాపరి యను పోలిక: భారతదేశ క్రైస్తవములో దాని చరిత్ర

భగవంతుని మానవసంబంధములతో పోల్చి చెప్పుకొనుట అన్ని మతములకును సామాన్యము. తండ్రి, తల్లి, రాజు, గురువు, చెలికాడు, నాయకుడు అను పోలికలన్నియు మన భక్తివాఙ్మయమున చిరపరిచితములే. యూదుల ధర్మగ్రంథములనుండి క్రైస్తవులకు సంక్రమించిన పోలికలలో సామాన్యజనుల హృదయమునకు మిక్కిలి దగ్గరగా వచ్చినది గొఱ్ఱెల కాపరి. దావీదు పేర వాడుకలో నున్న 23వ కీర్తన ఆరే వచనముల చిన్న పాట. ఐనను క్రైస్తవకుటుంబములలో పిల్లలు మొదట కంఠస్థము చేయునదియు, రోగి పడకకడ చదువునదియు, సమాధికడ కడపటిసారి వినిపించునదియు తఱచుగా ఆ పాటయే. ఒక ఎడారి అంచున పుట్టిన పోలిక భారతదేశమున ఇన్ని భాషలవారికి ఊరట యెట్లయినదో విచారించుటయే ఈ వ్యాసమునకు విషయము.

ఆ పోలిక పుట్టిన చోటు మొదట చూడవలయును. యూదయ కొండలు వర్షము తక్కువైన బీడునేలలు. అచట పచ్చిక ఒకచోట నిలకడగా నుండదు. నీరు ఎచటనున్నదో తెలిసినవాడు ముందు నడువనిచో మంద బ్రదుకదు. కాపరి చేతిలో రెండు కఱ్ఱలుండెడివి: మృగమును కొట్టుటకు దుడ్డుకఱ్ఱ యొకటి, జారిపోవు గొఱ్ఱెను ఈవలకు లాగుకొనుటకు పొడవైన దండము మఱియొకటి. కీర్తనకారుడు పచ్చిక, నీరు, చీకటిలోయ, ఆ రెండు కఱ్ఱలు, ఇవి మాత్రమే చెప్పి ఊరకుండెను. కష్టము రాదని ఆయన యెచటను వాగ్దానము చేయలేదు. లోయ యుండుననియు, అందు నడువవలసియే యుండుననియు, ఐనను నడక ఒంటరిది కాదనియు మాత్రమే ఆయన చెప్పినది. ఆ కీర్తన నమ్మదగినదిగా తోచుటకు ఈ మితభాషిత్వమే కారణము.

పశ్చిమాసియాలో కాపరి యను బిరుదము రాజులకును చెల్లెడిది. బాబిలోను రాజు హమ్మురాబి తన ధర్మశాసనశిలపై తన్ను తాను ప్రజలకు కాపరిగా చెప్పుకొనెను. కావున కాపరి యను మాటలో మొదటినుండియు మూడు పనులు ఇమిడియున్నవి: మేపుట, కాచుట, ఏలుట. యెహెజ్కేలు ప్రవక్త తన గ్రంథము 34వ అధ్యాయమున, మందను మేపక తామే మేసిన కాపరులను తీవ్రముగా నిందించెను. ఆ నింద రాజులను ఉద్దేశించినది. యోహాను సువార్త 10వ అధ్యాయమున యేసు ఈ మాటను తనకు అన్వయించుకొని, మంచికాపరికిని కూలివానికిని గల భేదమును చూపెను. తోడేలు వచ్చినప్పుడు నిలుచువాడెవడు, పాఱిపోవువాడెవడు అనుటయే ఆ భేదము. ఈ మూడు పనులలో ఏది ముందు, ఏది వెనుక అను ప్రశ్న భారతదేశ క్రైస్తవచరిత్రలో పలుమారు తలయెత్తినది.

రోమునగరపు భూగర్భసమాధులలో క్రీస్తుశకము మూడవ శతాబ్దినాటి చిత్రములందు గొఱ్ఱెపిల్లను భుజములపై మోయు యువకుడు కనబడుచున్నాడు. సిరియాలోని దూరా యూరోపోసులో 240 ప్రాంతమున చిత్రింపబడిన జ్ఞానస్నానమందిరపు గోడమీదను కాపరి యున్నాడు. గొఱ్ఱెను మోయు మనుష్యుని రూపము అంతకుముందే గ్రీకుశిల్పమున ఉండెను. క్రైస్తవులు ఆ పాతరూపమునకు కొత్త అర్థము నిచ్చిరి. సిలువ చిత్రములు వ్యాప్తిలోనికి రాకమునుపే, హింసలకు గురియైన ఒక చిన్నసమాజము తన మృతులను కాపరి బొమ్మ క్రింద పరుండబెట్టుకొనెను.

భారతదేశమున ఈ పోలికకు కొత్తదనము లేదు. గోపాలుడు ఇచట ఇంటింటి దైవము. తమిళుల ప్రాచీనలక్షణగ్రంథమైన తొల్కాప్పియము భూమిని విభజించి చెప్పుచు, పశువులు మేయు ముల్లైనేలకు మాయోనుని అధిదేవతగా పేర్కొనెను. దక్కనులో మహారాష్ట్రపు ధనగరులకు బిరోబా, ఖండోబాలును, తెలంగాణపు కురుమలకు బీరప్పయు, గొల్లకురుమలకు మల్లన్నయు కొలువు దేవతలు. ఒగ్గుకథకులు ఆ దేవతల కథలను ఈనాటికిని డోలు దెబ్బపై పాడుచున్నారు. కంబళి కప్పుకొని, చేత కఱ్ఱ పట్టి, పంటకోసిన చేలలో ఎరువుకై మందను పండబెట్టుచు జిల్లాలు దాటిపోవు కాపరి దక్కను రైతులకు ఏటేట కనబడెడి మనిషి. కావున బైబిలు కాపరిని ఇచటి శ్రోత ఊహించుకొనుటకు కష్టము లేదు. కష్టము వేఱొకటి. ఇచటి కాపరి ఒక కులమునకు చెందినవాడు. దేవుడైన కాపరి అప్పటికే మఱియొక పేరు గలవాడు.

ఈ కష్టమును అనువాదకులు పదముల యెంపికలో ఎదుర్కొనిరి. హీబ్రూమూలములోని ధాతువునకు మేయుట, మేపుట అని అర్థము. తమిళబైబిలు మేయ్ప్పర్ అను పదమును గ్రహించినది. అది మేపువాడను పనిని చెప్పును గాని ఇడైయర్ అను పదమువలె కులమును చెప్పదు. హిందీలో చర్‌వాహా అనగా మేపువాడే. మరాఠీలో మేంఢపాళ అనునది గొఱ్ఱెలను పాలించువాడని చెప్పును. బంగాళీలో పాలక శబ్దము పెంచి పోషించువానిని తలపించును. తెలుగులో స్థిరపడిన మాట కాపరి. అది కాచు ధాతువునుండి పుట్టినది. తమిళునికి దేవుడు మొదట మేపువాడు. తెలుగువానికి మొదట కాచువాడు. ఒకే కీర్తన సరిహద్దు దాటగనే ఊరటకు మఱియొక ముఖము వచ్చినది. క్రిస్మసు పాటలలో మాత్రము తెలుగుజనులు బేత్లెహేము కాపరులను గొల్లలని పిలుచుకొనుట మానలేదు. గ్రంథము తప్పించుకొన్న కులనామమును పాట ప్రేమతో తిరిగి తెచ్చుకొన్నది.

ఈ అనువాదములు దీర్ఘకాలము సాగిన పని. 1706లో తరంగంబాడిలో దిగిన జర్మను ప్రొటెస్టంటు సీగెన్‌బాల్గు తమిళములో కొత్తనిబంధనను సిద్ధపఱచి, 1715 నాటికి ముద్రణ పూర్తి చేసెను. తరువాత ఆ మిషనునకే చెందిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు నేర్చి, బైబిలును తెలుగు చేయ పూనెను. ఆ అనువాదము అచ్చుకాలేదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన క్రాన్, డెస్‌గ్రాంజెసు అను లండను మిషనువారు ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుని సహాయముతో సువార్తలను తెలుగు చేయసాగిరి. వాటిలో మొదటి మూడును 1812లో సెరాంపూరున అచ్చుపడెను. ఇట్టి కృషిలో పేరు నిలిచినది ఎక్కువగా విదేశీయులకే. ఐనను ఏ మాట ప్రజలచెవికి ఇంపో, ఏ మాట కులమును ధ్వనించునో చెప్పగలవారు పక్కన కూర్చున్న పండితులు, మున్షీలు మాత్రమే.

అక్షరములకంటె ముందే శిల్పము ఈ పోలికను దేశీయము చేసినది. 17వ శతాబ్దమున గోవాలో దంతపుశిల్పులు మంచికాపరి బొమ్మలను విరివిగా చెక్కిరి. అవి నేడు లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియములోను, పాతగోవాలోని క్రైస్తవకళా మ్యూజియములోను, ఐరోపాలోని పెక్కుచోట్లను చూడవచ్చును. ఈ బొమ్మ రూపము విచిత్రమైనది. అంతస్తులుగా చెక్కిన ఒక చిన్న కొండ. దాని శిఖరమున బాలుడైన యేసు కూర్చుండును. తల ఒకవైపునకు వంచి, చేతివ్రేళ్లను చెక్కిలికి చేర్చి, కన్నులు మూసికొని యుండును. ఒడిలో ఒక గొఱ్ఱెపిల్ల, భుజముపై మఱియొకటి. నడుమునకు సంచి, సొరకాయబుఱ్ఱ. ఆయన పాదముల క్రింద ఊట ప్రవహించుచుండగా పక్షులో గొఱ్ఱెలో నీరు త్రాగుచుండును. అట్టడుగున గుహలో మగ్దలేనే మరియ గ్రంథము ముందుంచుకొని పశ్చాత్తాపముతో ఒఱిగియుండును.

ఐరోపాశిల్పములలో కాపరి నిలుచుండును, లేదా నడచును. ఇచట ఆయన కూర్చుండి కన్నులు మూసినాడు. నిద్రయో, ధ్యానమో చూపఱకు తెలియదు. బుద్ధుని ధ్యానమూర్తిని, బాలకృష్ణుని ఈ రూపము గుర్తునకు తెచ్చుచున్నదని కళాచరిత్రకారులు పలువురు వ్రాసిరి. దానికి సామాజికకారణము కూడ కలదు. 1567లో గోవాలో జరిగిన క్రైస్తవసభ, క్రైస్తవబొమ్మలను క్రైస్తవేతర శిల్పులచే చేయింపరాదని నిషేధించెను. నిషేధింపవలసి వచ్చుటయే అట్టి ఆచారము ఉన్నదనుటకు నిదర్శనము. ఏనుగుదంతము చాలవఱకు ఆఫ్రికాతీరమునుండి వచ్చెడిది; నమూనా ఐరోపానుండి వచ్చెడిది; ఉలిపట్టిన చేయి మాత్రము ఇచటిది. ఆ చేతికి తెలిసిన దైవము కలవరపడడు. తోడేళ్లను తఱుమునట్టి కాపరికంటె, కన్నులు మూసినను మందను మఱవని కాపరియే ఆ శిల్పికి సహజముగా తోచియుండవచ్చును.

అదే కాలమున గోవా పరిసరములలోనే థామస్ స్టీఫెన్స్ అను ఆంగ్ల జెసూటు మరాఠీలో క్రిస్తపురాణమును రచించెను. 1616లో రాచోలున అచ్చుపడిన ఆ గ్రంథము పదివేలకు మించిన ఓవీఛందస్సు పద్యములు గల మహాకావ్యము. పాతపురాణములు చేజాఱిన కొత్తక్రైస్తవులకు చదువుకొనుటకు ఏమియు లేదన్న కొఱతను తీర్చుటకే ఆయన దానిని వ్రాసెను. జ్ఞానేశ్వరుని ఛందస్సులో బేత్లెహేము కాపరుల కథ వినబడుట ఆ జనులకు ఒక ఓదార్పు. ఆ ఓదార్పునకు వెనుక ఉన్న దుఃఖమును మఱవరాదు: పోర్చుగీసు ప్రభుత్వము దేవాలయములను కూల్చిన నేలమీదనే ఈ పురాణము పుట్టినది. కాపరిని గూర్చిన తీయని మాటను తెచ్చినవారి వెంట దండమును చేపట్టిన అధికారమును వచ్చెను.

అధికారమును గూర్చిన ఈ చిక్కు కేరళమున బహిరంగమైనది. తోమా క్రైస్తవులని ప్రసిద్ధులైన అచటి ప్రాచీనసమాజము తన బిషపులను మెసపొటేమియానుండి పొందెడిది. దైనందినవ్యవహారము స్థానికుడైన అర్కదియాకోను చేతిలో నుండెడిది. 1599లో ఉదయంపేరూరు సభలో గోవా ఆర్చిబిషపు మెనెజెసు ఆ సమాజమును రోమను అధికారము క్రిందికి తెచ్చెను. యాభైనాలుగేండ్లు గడచినవి. తూర్పుదేశమునుండి వచ్చిన అహతల్లా అను బిషపును పోర్చుగీసువారు నిర్బంధించి, కొచ్చి దగ్గఱకు వచ్చినప్పుడును జనులను చూడనీయలేదు. 1653 జనవరి 3వ తేదీన మట్టాంచేరిలో గుమిగూడిన జనులు, జెసూటు ఆర్చిబిషపునకు ఇకమీద లోబడబోమని ప్రమాణము చేసిరి. సిలువకు కట్టిన త్రాళ్లను పట్టుకొని ప్రమాణము చేసిరనియు, జనుల బరువునకు సిలువ వంగినదనియు ఐతిహ్యము. దానినిబట్టియే దానికి కూనన్ కురిశు ప్రమాణమను పేరు వచ్చెను. ఆ సంవత్సరము మే నెలలో ఆలంగాడున పండ్రెండుగురు పురోహితులు అర్కదియాకోను తోమాను తమ బిషపుగా నియమించిరి.

ఆ సమాజము తరువాత చీలినది. కొందఱు రోమునకు మరలిరి. కొందఱు అంతియొకియా సంబంధమును చేపట్టిరి. ఎవరు సరియైనవారను వాదమునకు ఇచట తావు లేదు. గమనింపదగినది ఒకటియే: గొఱ్ఱెలని పిలువబడినవారు తమ కాపరి ఎవరో తామే చెప్పుదుమని నిలుచుండిరి. యోహాను సువార్తలోని మాటచొప్పున మంద కాపరి స్వరమును ఎఱుగును. ఎఱుగని స్వరము వెంట పోదు. మలయాళమున నేటికిని బిషపు తన ప్రజలకు వ్రాయు లేఖను ఇడయలేఖనము, అనగా కాపరిలేఖ, అనుచున్నారు. ఆ మాటయందు వినయమును, అధికారమును రెండును గలవు.

పోలికలోని మొదటి పని, మేపుట, దాని గంభీరార్థమును 19వ శతాబ్దపు కఱవులు బయటపెట్టినవి. పండిత రమాబాయి జీవితము ఇందుకు సాక్ష్యము. ఆమె 1858లో పశ్చిమకనుమల అడవిలో జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే భార్యకును కుమార్తెకును సంస్కృతము నేర్పిన పండితుడు. పురాణప్రవచనము చేయుచు కుటుంబమంతయు తీర్థములు తిరిగెడిది. మద్రాసు రాజధానిలో కఱవు వచ్చెను. చేతిలోని ధాన్యము అయిపోయినప్పుడు ఆ కుటుంబము తిరుపతి కొండ యెక్కి, అచటి అడవిలో చనిపోవుటకు నిశ్చయించుకొనెను. పదునొకండు దినములు నీళ్లతోను, ఆకులతోను, అడవి ఈతపండ్లతోను గడిపిరని ఆమె తరువాత తన ఆత్మనివేదనమున వ్రాసెను. స్వల్పకాలములో తండ్రియు, తల్లియు, అక్కయు మరణించిరి. ఆమెయు అన్న శ్రీనివాసుడును వేలమైళ్లు కాలినడకన తిరిగి, 1878లో కలకత్తా చేరిరి. అచటి పండితులు ఆమె విద్యను పరీక్షించి, పండిత, సరస్వతి అను బిరుదములిచ్చిరి.

రెండేండ్లలో అన్న మరణించెను. వివాహమైన రెండేండ్లలోపున భర్త బిపినబిహారి మరణించెను. చంటిబిడ్డతో ఆమె 1883లో ఇంగ్లండునకు పోయి, అచట వాంటేజిలో క్రైస్తవమును స్వీకరించెను. ఇట్టి జీవితము గడపిన స్త్రీకి దేవుడు మేపువాడని చెప్పుట సులభము కాదు. ఆమె దానిని వెంటనే చెప్పనులేదు. మతము మార్చుకొన్న తరువాత గూడ ఏండ్లతరబడి ఆంగ్లికను గురువులతో సిద్ధాంతవాదములు సలిపెను. తనకు నచ్చజెప్పలేని దానిని అంగీకరింప నిరాకరించెను. విశ్వాసమనగా విధేయత యని ఆమె యెన్నడును భావింపలేదు. ఆమె నమ్మకము తర్కమునుండికాక పనినుండి గట్టిపడినది.

1889లో బొంబాయిలో విధవలకై శారదాసదనమును స్థాపించిన ఆమె, 1896-97 కఱవులో మధ్యపరగణాలకు పోయెను. తాను పదునాఱేండ్ల వయస్సున చూచిన దృశ్యమే మరల కన్నులయెదుట నిలిచెను. అనాథలైన బాలికలను, విధవలను వందలకొలది వెంటబెట్టుకొని వచ్చి, పూనాకు సమీపమున కేడ్‌గావులో ముక్తి యను ఆశ్రమమున నిలిపెను. 1900 ప్రాంతపు గుజరాతు కఱవులో మఱికొందఱు వచ్చిరి. అచట బావులు త్రవ్వించెను, తోటలు వేయించెను, నేత, పాడి, ముద్రణము నేర్పించెను. ఒకప్పుడు అడవిలో ఆకులు మేసిన బాలిక వేలమందికి అన్నము పెట్టు గృహిణి యయ్యెను. దేవుడు మేపువాడను వాక్యమునకు ఆమె చేసిన వ్యాఖ్యానము ఇదియే.

ఆమె కడపటి పని బైబిలు అనువాదము. హీబ్రూ, గ్రీకుభాషలు అభ్యసించి, సంస్కృతపండితురాలైన ఆమె, సంస్కృతము తక్కువగా వాడి, పల్లెస్త్రీలకు తెలియు మరాఠీలో గ్రంథమంతయు తెనిగించినట్లు సులభము చేయబూనెను. ముక్తి ఆశ్రమపు స్త్రీలే అక్షరములు కూర్చి అచ్చు నడిపిరి. 1921లో ఏకైకపుత్రిక మనోరమ మరణించెను. పని ఆగలేదు. 1922 ఏప్రిల్ 5వ తేదీన రమాబాయి కన్నుమూయునాటికి అనువాదము ముగిసియుండెను. కీర్తనలోని చీకటిలోయను మరాఠీలో వ్రాసిన చేయి ఆ లోయను ఇన్నిమారులు దాటిన చేయి.

ఆమె సమకాలికుడైన మరాఠీకవి నారాయణ వామన తిలకు (1861-1919) మఱియొక మార్గమున నడచెను. 1895లో క్రైస్తవుడైన ఆయన, జ్ఞానేశ్వర తుకారాముల భక్తిభాషను విడువక, క్రీస్తును మాఉలీ, అనగా తల్లి, అని సంబోధించుచు అభంగములు రచించెను. పండరపురము దారిలో నడచు వార్కరీలకు ఆ పిలుపు జ్ఞానేశ్వరునిది. తిలకు వాడుకలో కాపరి కాచుట తల్లి ఒడిలోని రక్షణగా మాఱినది. ఆయన మొదలిడిన క్రిస్తాయనమును భార్య లక్ష్మీబాయి పూర్తిచేసెను. భర్త మతము మాఱినప్పుడు ఏండ్లపాటు వేఱుగా నుండి, తుదకు తన నిర్ణయమున తానే 1900లో క్రైస్తవురాలైన ఆమె స్మృతిచిత్రములు మరాఠీగద్యమున చిరస్థాయియైన రచన. తెలుగుదేశమున పురుషోత్తమ చౌదరి రాగతాళబద్ధముగా క్రైస్తవకీర్తనలు వ్రాసి, తెలుగుపాటకు ఇట్టి సేవయే చేసెను.

తెలుగుదేశమున ఈ పోలిక పరీక్షకు నిలిచినది ఒంగోలు ప్రాంతమున. 1866లో అచట నెలకొన్న అమెరికను బాప్తిస్టు మిషనరీ జాను క్లౌ వద్దకు మొదట మాదిగకులస్థులు వచ్చిరి. వారిలో యర్రగుంట్ల పేరయ్య ముఖ్యుడు. తోలువ్యాపారమునకై ఊరూర తిరుగు ఆయన, తిరిగిన ఊరులందెల్ల తన విశ్వాసమును చెప్పెడివాడు. 1876-78 కఱవు వచ్చినప్పుడు క్లౌ బకింగుహాము కాలువలో కొంతభాగము త్రవ్వు కాంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలిపని కల్పించెను. పనికొఱకు మతమన్న నింద రాకూడదని, కఱవుకాలమున బాప్తిస్మములను నిలిపివేసెను. సహాయము ఆగిన తరువాత జనులు తగ్గుదురని అనుకొనిరి; తగ్గలేదు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గఱ ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఆకలివలన వచ్చిన విశ్వాసము విశ్వాసమగునా అను ఆక్షేపణ ఆనాటినుండి నేటివఱకు వినబడుచునే యున్నది. దానికి సమాధానము కీర్తనయందే కొంత కలదు. కీర్తనకారుడు ఆత్మకు ఊరటను చెప్పకమునుపే పచ్చికను, నీటిని చెప్పెను. ఆకలిని చిన్నచూపు చూచిన మతము ఆ కీర్తనలో లేదు. ఊరిచివర నుండి, ఊరిబావి నీటికి నోచుకొనక, గుడిలోనికి పోజాలక బ్రదికిన జనులకు, తమను పేరుపెట్టి పిలుచు దేవుడొకడు కలడను వార్త అన్నముకంటె చిన్నది కాదు. అన్నమునుండి వేఱు చేయదగినదియు కాదు. వెట్టిచాకిరి, ఆదివారపు పని, చచ్చిన పశువు మాంసము మొదలగు విషయములలో ఆ పల్లెలు పెద్దరైతులను ఎదిరించినవి. అచట తెలుగుపదములోని కాచుట యను అర్థము తన బలమును చూపినది.

ఐనను పోలిక వెనుక ఒక అపాయము పొంచియుండెను. దేవుడు కాపరియైనచో ప్రజలు గొఱ్ఱెలు. దేవుని పనివాడును కాపరి యని పిలువబడినచో, ఆయన యెదుటను ప్రజలు గొఱ్ఱెలే యగుదురా? తెలుగుసంఘములలో పాదిరికి సంఘకాపరి యను పేరు స్థిరపడినది. మిషనుబంగళా వరండాలో దొరకాపరి కుర్చీమీదను, మంద నేలమీదను కూర్చుండు కాలము అది. ఈ అపాయమును స్పష్టముగా పలికినవాడు వేదనాయకము శామ్యూలు అజరయ్య. తిరునెల్వేలి జిల్లా వెల్లాళన్‌విళైలో 1874లో పుట్టిన ఈ తమిళుడు, నైజాము రాజ్యములోని డోర్నకల్లునకు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చెను. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచమిషనరీ మహాసభలో ఆయన పాశ్చాత్యుల త్యాగమును కొనియాడి, త్యాగముతోపాటు సమానులుగా చూచు స్నేహము కావలెనని నిర్మొగమాటముగా అడిగెను. ఆ మాట సభలో చాలమందికి ఱుచింపలేదు. చరిత్రలో మాత్రము నిలిచినది.

రెండేండ్లకు, 1912 డిసెంబరు 29న కలకత్తాలో, ఆయన ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయబిషపుగా అభిషిక్తుడయ్యెను. కాపరిదండము ఆయన చేతికే వచ్చెను. డోర్నకల్లు మండలములోని క్రైస్తవులు అధికముగా మాల, మాదిగ పల్లెలవారు. ఆయన ఎద్దుబండిమీదను, సైకిలుమీదను ఆ పల్లెలు తిరిగెను. ప్రతి విశ్వాసియు పొరుగువానికి తన విశ్వాసమును చెప్పు సాక్షి కావలెనని బోధించెను. అనగా మందలోని ప్రతి గొఱ్ఱెకును కాపరిపని యొప్పగించెను. 1939లో ప్రతిష్ఠితమైన డోర్నకల్లు కథీడ్రలు హిందూ, మహమ్మదీయ వాస్తురీతులను కలుపుకొని కట్టినది. 1930ల దశకమున దళితుల మతాంతరములను గూర్చి గాంధీమహాత్మునకును అజరయ్యకును గట్టి అభిప్రాయభేదము కలిగెను. తెలివిలేని జనులను ఆశచూపి మార్చుచున్నారని మహాత్ముని శంక. ఆ జనులకు తమ మేలును తాము నిర్ణయించుకొను శక్తి కలదని అజరయ్య వాదము. కాపరి దండము పట్టినవాడే తన జనులు మందబుద్ధిగల మంద కాదని వాదింపవలసి వచ్చుట విశేషము.

ఈ సందేహము తరువాతి తరములలో మఱింత పదునెక్కెను. 1980ల దశకమునుండి దళిత క్రైస్తవవేదాంతులు, ఓదార్పు న్యాయమునకు బదులు కారాదని వాదించుచున్నారు. సంఘములలోపల కులము నిలిచియుండుట, శ్మశానములు సహితము వేఱగుట, 1950నాటి రాష్ట్రపతి ఉత్తరువువలన క్రైస్తవదళితులకు షెడ్యూల్డు కులముల హోదా లభింపకుండుట ఆ వాదమునకు ఆధారములు. కాపరి చేతిలో దండముతోపాటు దుడ్డుకఱ్ఱ కూడ నుండుట ఎందులకని వారు అడుగుచున్నారు. ఈ ప్రశ్న పోలికను త్రోసివేయునది కాదు. యెహెజ్కేలు వేసిన ప్రశ్నయే అది. మంచికాపరి యను మాట ఊరటనిచ్చుటతోపాటు, చెడ్డకాపరులను కొలుచు కొలతబద్దగా గూడ పనిచేసినది. ఒకటి లేనిచో రెండవది నిలువదు. తన్ను నిజముగా కాచువాడొకడు కలడని నమ్మినవానికే, కాచెదనని చెప్పి మేసినవానిని నిలదీయు ధైర్యము కలుగును.

ఇట్లు నాలుగుశతాబ్దుల చరిత్రలో ఒకే పోలిక పలువురి చేతులలో పలు రూపములు దాల్చినది. గోవా శిల్పి ఆయనను ధ్యానములో కూర్చుండబెట్టెను. మట్టాంచేరి జనులు ఆయన పేర తమ కాపరిని తామే యెన్నుకొనిరి. రమాబాయి ఆయన పేర అన్నము వండెను. తిలకు ఆయనను తల్లి యని పిలిచెను. గుండ్లకమ్మ ఒడ్డున నిలిచినవారు ఆయనయందు, తమ పేరు ఎఱిగిన దేవుని కనుగొనిరి. ఏ ఒక్కరును కష్టములేని జీవితమును పొందలేదు, పొందుదుమని నమ్మనులేదు. కఱవు వచ్చినది, మరణము వచ్చినది, అవమానము వచ్చినది. వారి నమ్మకము అంతటిని తొలగించునని కాదు. అంతటిలోను తమ్ము విడువనివాడొకడు కలడని. తెలుగుపల్లెలో నేడు ఎవరైన మరణించినప్పుడు, సమాధి పూడ్చుటకు ముందు సంఘకాపరి ఆ కీర్తనను చదువును. చుట్టునున్నవారిలో చదువురానివారును పెదవులు కదలించుచు దానిని అనుసరింతురు. వారికి అది కంఠస్థము.